గోతం మీద గుర్తు, మూతి మీద కుట్టు

నాకు అక్షరాలు సగం బడిలో వచ్చాయి, సగం గోతాల మీద వచ్చాయి. బడి మూడో తరగతితో ఆగిపోయింది. ఆగిపోయిందని ఎవరూ బాధపడలేదు, నేను కూడా. మిరప కోతకొచ్చినప్పుడు ఇంట్లో చేతులు చాలేవి కావు. రెండు చేతులున్న పిల్ల బడిలో ఊరికే కూర్చుని ఏం చేస్తుందని మా అమ్మ అడిగితే పంతులుగారు హాజరుపట్టీలో నా పేరు కొట్టేశారు. ఆ తర్వాత నేను చదివినవన్నీ గోతాలే.

పొదిలికి అవతల మెట్ట ఊరు మాది. వాన పడితే కంది, బావిలో నీళ్ళుంటే మిరప. కల్లంలో ఎండిన కాయను గోతాలకెత్తి, కాలితో తొక్కి, మూతి కుట్టి, లారీ ఎక్కే చోటిదాకా బండి మీద తోలేవాళ్ళు. అక్కణ్ణుంచి గుంటూరు. గుంటూరులో మా నాన్న సరుకు వేసే కొట్టు ఒకటే. ఆ కొట్టు వాళ్ళకు మా నాన్న మొహం కంటే ఆయన గుర్తు బాగా తెలుసు. గోతం పొట్ట మీద ఒక నెలవంక. బండి ఇరుసుకు పూసే కందెనలో వేపపుల్ల ముంచి నాన్న ఆ గుర్తు వేస్తుంటే, గోతం ముడతలు పడకుండా నేను బిగించి పట్టుకునేదాన్ని. నెలవంక పక్కన మా ఊరి పేరులో మొదటి అక్షరం. లారీ ఆఫీసులో దాని పక్కన ఎర్ర రంగుతో ఇంకో అక్షరం చేరేది. గుంటూరు కొట్టులో దించుకునేటప్పుడు గుమాస్తా నీలిరంగుతో ఒక గీత గీసేవాడు.

ఖాళీ గోతాలు తిరిగి మా ఊరొచ్చాక వాటిని దులిపి మడతపెట్టే పని నాది. మడత పెట్టే ముందు ఒక్కోదాన్నీ నేల మీద పరిచి, ఏది ఎవరు రాశారో, ఏది ముందు, ఏది వెనక అని కూడబలుక్కుంటూ చదివేదాన్ని. లోపల ఏం కాయ ఉందో చూడక్కర్లేకుండానే ఆ గోతం ఎక్కడ బయల్దేరి, ఎవరెవరి చేతుల మీదుగా ఎక్కడికి చేరిందో చెప్పేయొచ్చు. అప్పట్లో నాకది పెద్ద విద్యలాగే ఉండేది. మా తమ్ముడు పక్కన కూర్చుని, "అక్కా, ఇదేంది? అక్కా, ఈ గీతేంది?" అని ప్రాణం తీసేవాడు. మిరపఘాటుకు ఇద్దరం తుమ్ముతూ, ముక్కులు తుడుచుకుంటూ, ఆ గోతాలన్నీ చదివేవాళ్ళం.

ఆ నెలవంక ఒక్క మా ఇంటిదే కాదు. మా పెదనాన్న గోతాలకూ, మా మేనత్త గోతాలకూ, వెనకింటి వాళ్ళ గోతాలకూ కూడా నాన్న అదే వేసేవాడు. గుంటూరు కొట్టుకు తెలిసిన గుర్తు అదొక్కటే. తెలియని గుర్తుతో వెళ్ళిన సరుకు ఎక్కడో మూలన పడి ఉండేది. మరి ఏ గోతం ఎవరిదని ఎలా తెలుస్తుంది? మూతి చూస్తే తెలుస్తుంది. మా గోతాలకు మా అమ్మ దబ్బనంతో ఏటవాలు కుట్లు వేసి, చివర మూలన పురికొసను మెలితిప్పి చిన్న చెవిలా వదిలేది. పెదనాన్న వాళ్ళవి నిలువు కుట్లు. మేనత్త కుట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడేవి. గుంటూరులో గోతాలు కుప్పగా దించాక మా నాన్న మూతుల మీద చెయ్యి పెట్టి తడిమి, "ఇవి మావి, ఇవి చెల్లెలివి" అని వేరు చేసేవాడట. ఎన్ని మూతులు తడిమినా ఆయన చెయ్యి ఎన్నడూ పొరపాటు పడలేదని అమ్మ చెప్పేది. ఆ చెప్పడంలో మెప్పంతా నాన్నకే పోయేది. కుట్లు వేసింది తనేనని అమ్మ ఒక్కసారి కూడా అన్నట్టు గుర్తులేదు.

మా ఇంట్లో పురికొస పారేయడం లేదు, ఇప్పటికీ. గోతం విప్పితే కత్తెర పెట్టను. ముడి వెతికి లాగి, వచ్చిన దారాన్ని ఉండకు చుడతాను. నా కోడలు ఆ ఉండను చూసి నవ్వుతుంది. మంచం నవారు తెగినప్పుడు, అంట్ల బుట్ట పిడి ఊడినప్పుడు మళ్ళీ ఆ ఉండ దగ్గరికే వస్తుంది. అప్పుడు నేను నవ్వను. ఎంత పొడుగు కావాలో అడిగి అంతే ఇస్తాను.

ఇప్పుడు పెదకాకానిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. కొడుకు కూతురు ఇంజినీరింగు చదివి, గుంటూరులో ఒక చిన్న ఆఫీసుకు పనిచేస్తుంది. వారంలో సగం రోజులు ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. ఆ గదిలోనే నేనూ చాప వేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తుంటాను. ఒక ఫ్యాను కింద ఇద్దరం ఉంటే ఇంకో ఫ్యాను తిరగక్కర్లేదు.

మాఘమాసం ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒకసారి అడిగాను.

"ఏమే, పొద్దుట్నుంచీ ఆ పెట్టె వంక గుడ్లప్పగించి చూస్తున్నావు. ఏముందే అందులో?"

"హెడర్లు చదువుతున్నా నాయనమ్మా. అంటే నేను కాదు, నేను రాసిన కోడ్ చదువుతుంది."

"నువ్వు జీతం తీసుకుని, చదివే పని దానికి చెప్పావా? బాగుంది. అదేందో చెప్పు."

"చెప్తే మధ్యలో పని చెప్తావు."

"చెప్తా. ఇటొచ్చి తొడిమలు తీస్తూ చెప్పు. నోటికి నోటి పని, చేతికి చేతి పని."

వచ్చి కూర్చుంది. చిన్నప్పుడు దానికి అన్నం తినిపించేటప్పుడు నేను చెప్పిన కథలన్నీ గోతాల కథలే. అందుకని అది నాకు ఏది చెప్పాలన్నా గోతాలతోనే చెబుతుంది.

"నువ్వు ఫోన్లో ఏదన్నా నొక్కావనుకో. నీ ఫోను ఒక గోతం కట్టి మా సర్వరుకు పంపిస్తుంది. నువ్వు అడిగింది లోపల ఉంటుంది. గోతం పైన మాత్రం వరసగా గుర్తులు రాసి ఉంటాయి. ఒక్కో వరసలో ముందు పేరు, తర్వాత విలువ. ఏ భాషలో జవాబు కావాలి, ఇది ఏ రకం ఫోను, పంపింది ఎవరు, ఇలాంటివి. వాటినే హెడర్లంటారు. గోతం విప్పక ముందే మా కోడ్ వాటిని పేరు పెట్టి అడుగుతుంది. 'భాష అనే గుర్తు చూపించు' అంటే, 'తెలుగు' అని వస్తుంది."

"పేరు తప్పు రాస్తే?"

"స్పెల్లింగు తప్పితే దొరకదు. పెద్దక్షరాల్లో రాసినా చిన్నక్షరాల్లో రాసినా మాత్రం దొరుకుతుంది. పేరు వరకు ఆ పట్టింపు లేదు."

నాన్న కందెనతో వేసినా, కందెన లేని రోజు బొగ్గుతో వేసినా నెలవంక నెలవంకే. నాకు అర్థమైంది.

"అసలు ఆ గుర్తే వెయ్యకపోతే?"

"ఖాళీ వస్తుంది. ఖాళీ వచ్చిందని కోడ్ కుప్పకూలకూడదు. లేనిదాన్ని ఉన్నట్టు ఊహించుకోనూ కూడదు. లేకపోతే ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టాలి."

వానలో తడిసి గుర్తు చెరిగిపోయిన గోతాలు కొన్ని వచ్చేవి. నాన్న వాటిని పారేయలేదు, ఫలానా వాళ్ళవే అయ్యుంటాయని ఎవరికీ ఇచ్చేయలేదు. పక్కన పెట్టి, అందరినీ పిలిచి, అందరి ముందూ మూతి చూసేవాడు.

"దొంగ గుర్తు వేస్తే?" అనడిగాను.

మనవరాలు నవ్వింది. "అదీ అసలు సంగతి. గుర్తు వేసేది పంపేవాళ్ళే కదా, ఏమైనా రాసుకోవచ్చు. అందుకే పైన ఉన్నదంతా నమ్మకూడదు."

మా కాలంలోనూ ఇది జరిగింది. పక్క ఊరివాడెవడో తాలుకాయ నింపిన గోతాల మీద మా నెలవంక వేసి గుంటూరు తోలాడు. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. నాన్న అన్నం తినకుండా కూర్చున్న రోజు నాకు అదొక్కటే గుర్తుంది. ఆ తర్వాత గుమాస్తా కొత్త పద్ధతి పెట్టాడు. గోతం మీద ఎవరు ఏం రాసుకొచ్చినా సరే, తాను దగ్గరుండి దింపించుకున్నప్పుడు తన చేత్తో గీసిన నీలిగీతనే నమ్మేవాడు. ఆ మాట మనవరాలికి చెబితే, "మేమూ అంతే" అని మళ్ళీ పెట్టె ముందుకు పోయింది. తొడిమలు సగంలోనే ఉన్నాయి.

అది చేస్తున్న పని గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి. మిర్చి సీజనులో ఆ గేటు ముందు ట్రాక్టర్లూ లారీలూ బారులు తీరి, రైతులు రోడ్డు మీదే వండుకుని తింటూ పడిగాపులు పడేవాళ్ళు. ఇకనుంచి ఎవరి టిక్కీలు ఏ రోజు తేవాలో ఫోన్లోనే అడిగి తెలుసుకోవచ్చు. యార్డులో మిర్చి గోతాన్ని టిక్కీ అంటారు లెండి. రోజు ఖరారైతే ఫోనుకు మెసేజీ వస్తుంది. అది చూపిస్తేనే గేటు తీస్తారు. ఒకళ్ళే వరసబెట్టి నొక్కి రోజులన్నీ లాగేసుకోకుండా ఒక కట్టుబాటు పెట్టింది. ఎక్కువసార్లు అడిగితే 'మీరు చాలాసార్లు అడిగారు, కాసేపు ఆగండి' అని వస్తుంది. ఆ తెలుగు మాటలు మాత్రం నన్ను అడిగే రాసింది. ముందు ఏదో పెద్ద మాట పెడితే, అది చదవడానికి నాకే దమ్ము చాల్లేదు.

ఆ పద్ధతి మొదలైన రోజు మధ్యాహ్నం మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి ఇప్పుడు జుట్టంతా తెలుపే. గొంతు మాత్రం కల్లంలో నిలబడి అరిచే గొంతే.

"అక్కా! నీ మనవరాలి యంత్రం నన్ను పొమ్మంటోంది!"

"ఎందుకురా అరుస్తావు, చెవిలోనే ఉన్నావుగా."

"చాలాసార్లు అడిగారు, ఆగండి అంటోంది. నేను ఒక్కసారే నొక్కాను. అమ్మతోడు, ఒక్కసారే! ఇక్కడ దక్షిణం దిక్కు నల్లగా దిగుతోంది. కాయంతా గోతాల్లోకి ఎత్తి పట్టాలు కప్పుకుని కూర్చున్నా. మెసేజీ చూపిస్తేగాని లారీవాడు కదలనంటున్నాడు. గేటు దగ్గర తిప్పి పంపితే బాడుగ ఎవరిస్తారంటాడు."

ఎండిన మిరపకాయ ఒక్క జల్లుకు తడిసినా ఏమవుతుందో మా ఇద్దరికీ ఒకళ్ళు చెప్పక్కర్లేదు. లోపల ఆవిరి పట్టి, బూజొచ్చి, ఎర్రటి కాయ నల్లబడిపోతుంది. ఏడాదంతా పెట్టిన ఎరువు, నీళ్ళు, కూలీల చెమట అన్నీ ఆ పట్టా కిందే ఉన్నాయి. వాడికి ఈ ఏడు ఉన్నది ఆ పంట ఒక్కటే. కంది పూతలోనే పోయింది.

నేను మనవరాలి దగ్గరికి వెళ్ళేసరికి దాని ఫోను మోగుతూనే ఉంది. కోల్డ్ స్టోరేజీ మేనేజరు.

"ఏంటమ్మా ఇది! ఎవరు నొక్కినా ఆగమంటోందట. గేటు దగ్గర జనం నామీదికొస్తున్నారు. సాయంత్రంలోగా బాగుచేస్తారా, పాత పద్ధతిలో వదిలెయ్యమంటారా?"

"చూస్తున్నానండి. ఒక్క పది నిమిషాలు."

"మీ పది నిమిషాలు నాకు తెలుసమ్మా. మా ఆవిడ చీర కట్టుకునే పది నిమిషాలు."

మనవరాలు నవ్వలేదు. పెదవి కొరుక్కుంటూ తెర మీది వరసలు కిందికి పైకి తిప్పింది. కాసేపటికి తల కొట్టుకుంది.

"ఏమైందే?"

"అందరూ ఒకే చోటు నుంచి వస్తున్నట్టు కనపడుతున్నారు నాయనమ్మా. ఇంట్లో నేను సరిచూసుకున్నప్పుడు ఫోను నేరుగా సర్వరుకే వచ్చేది. ఎవరు తలుపు తట్టారో దానికి తెలిసేది. జనం ఎక్కువొస్తారని మావాళ్ళు నిన్న ముందొక గేటు సర్వరు పెట్టారు. ఇప్పుడు వచ్చే గోతాలన్నీ గేటు చేతుల మీదుగానే వస్తున్నాయి. నా కోడ్ ఏమో ఇచ్చిన చెయ్యి చూసి, అన్నీ ఒకడే పంపుతున్నాడనుకుంటోంది."

"గుంటూరు గుమాస్తా, గోతాలన్నీ లారీ డ్రైవరువే అనుకున్నట్టు."

"అచ్చం అదే. గేటు ఊరుకోదులే, ఎవరి తరఫున తెచ్చిందో పైన ఒక హెడర్‌లో రాస్తుంది. ఫార్వర్డెడ్ ఫర్ అని. నేను దాన్ని చదవట్లేదు. అదే నా తప్పు."

చదివే వరస రాసింది. వెంటనే సర్వరులో పెట్టేస్తుందేమో అనుకున్నాను. పెట్టలేదు. ఆ హెడర్‌లో ఒక్క విలువే ఉండదట. మధ్యలో ఎన్ని చేతులు మారితే అన్ని చిరునామాలు కామాలు పెట్టి వరసగా ఉంటాయట. మొట్టమొదటిది పంపినవాడు తానే రాసుకుని ఉండొచ్చు, అబద్ధమూ కావచ్చు. చిట్టచివరిది మాత్రం మన గేటు తన కళ్ళతో చూసి రాసింది. "చివరిదే తీసుకోవాలి" అని గొణుక్కుంటూ, కామాల దగ్గర విడగొట్టి, అటూ ఇటూ ఉన్న ఖాళీలు దులిపి, చివరిది పట్టుకుంది. నాకు నీలిగీత గుర్తొచ్చింది. అయినా పైకి అనలేదు. పని చేసుకునేవాళ్ళ దగ్గర కబుర్లెందుకు.

మేనేజరు ఫోన్ చేసి, గుంటూరు చుట్టుపక్కల వాళ్ళకు రోజులు దొరుకుతున్నాయన్నాడు. పొంగిన పాలు దిగినట్టు ఆయన గొంతు తగ్గింది. నేను తమ్ముడికి చేశాను.

"నొక్కరా ఇప్పుడు."

"నొక్కాను. మళ్ళీ ఆగమంటోంది. అక్కా, గాలి కూడా మొదలైంది."

మనవరాలు మళ్ళీ వరసలు చూసింది. ఈసారి మొహం వేరేగా పెట్టింది. పొదిలి వైపు నుంచి ఒకే ఒక్క చిరునామా. అక్కణ్ణుంచి వాన చినుకుల్లా నొక్కుళ్ళు. మేనేజరు లైనులోనే ఉన్నాడు.

"బ్రోకరమ్మా, ఎవడో బ్రోకరు! రోజులన్నీ పట్టేసి తర్వాత రైతులకు అమ్ముకుంటాడు. ఆ చిరునామాను శాశ్వతంగా మూసెయ్యండి. పీడా పోతుంది."

నాకూ అలాగే తోచింది. నా తమ్ముడి నోటి దగ్గర కూడు ఎవడో లాక్కుంటున్నాడని ఒళ్ళు మండింది. "మూసెయ్యవే" అన్నాను. "దొంగవెధవ, మా ఊరి పక్కనే ఉన్నట్టున్నాడు. తలుపు గడియ పెట్టు. అప్పుడుగాని తాతయ్యకు దారి దొరకదు."

దాని వేలు ఆ మీట మీద ఉంది. నొక్కితే అయిపోయేది. వెనక్కి తీసింది.

"ముందొకసారి తాతయ్యను అడుగు నాయనమ్మా. ఆయన ఎక్కణ్ణుంచి నొక్కుతున్నారో అడుగు."

"ఎక్కణ్ణుంచి ఏందే, వాడి చేతిలోంచి."

"అడుగు."

అడిగాను. ఫోను మధ్యలో పెట్టాం.

"ఎక్కణ్ణుంచా? సాయిబుగారి అరుగు మీద నుంచి! కల్లం దగ్గర సిగ్నలు ఎక్కడ ఏడ్చింది? సాయిబుగారి కుట్టుమిషను కొట్టుకు ఇంటర్నెట్టు తీగ ఉందిగా. ఎవరొచ్చినా వాడుకోమంటాడు, మహానుభావుడు. ఊళ్ళో మిరప వేసినవాళ్ళమంతా ఇక్కడే ఉన్నాం. ఇదిగో మా వియ్యంకుడు, ఇదిగో కింద వీధి వాళ్ళు..."

వెనక నుంచి ఎవరో, "మావా, అడిగినట్టు చెప్పు! మా అల్లుడు ఉద్యోగం వదిలేసి ఇక్కడ బొత్తాము నొక్కుతున్నాడని కూడా చెప్పు!" అన్నారు. నవ్వులు. సాయిబుగారి గొంతు కూడా వినపడింది. "అమ్మగారూ, చాయ్ తాగి పొమ్మన్నా పోవట్లేదండీ వీళ్ళు. రెండు పాంట్లు కుట్టాలి, మిషను మీద కూడా ఫోన్లు పెట్టారు."

మనవరాలు నా వంక చూసింది. నేను మిరపకాయల వంక చూశాను. బ్రోకరూ లేడు, దొంగా లేడు. ఊరంతా ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే తీగ గుండా అడుగుతోంది. గేటు తన కళ్ళతో చూసి రాసిన చిరునామా నిజమే. కాకపోతే అది మనిషి చిరునామా కాదు, అరుగు చిరునామా.

"మీ నాన్నగారి నెలవంక" అంది అది.

తీస్తున్న తొడిమ ఆపి తలెత్తాను.

"నెలవంక ఒకటేగా నాయనమ్మా. ఇళ్ళు వేరు. నేను నెలవంకలు లెక్కపెడుతున్నాను. కుట్లు చూడాలి."

అది అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, కాళ్ళు ఊపుతూ విన్న కథ అది. ముద్ద మింగిందో లేదో చూసుకుంటూ చెప్పానే తప్ప, కథ కూడా మింగుతోందని నేను అనుకోలేదు.

ప్రతి రైతూ ముందు తన నంబరు ఇచ్చి, ఫోనుకు వచ్చిన అంకెలు కొట్టి లోపలికి వస్తాడు. అప్పుడు వాడి ఫోనుకు ఒక రహస్యపు మాట ఇస్తారు. ఆ తర్వాత వాడు ఏం అడిగినా గోతం పైన ఆథరైజేషన్ అనే గుర్తులో ఆ మాట వెంట వస్తుంది. ఒకరి మాట ఇంకొకరికి ఉండదు. దొంగది రాస్తే సర్వరు పోల్చి చూసి పట్టేస్తుంది. మనవరాలు అదంతా నాకు చెబుతున్నట్టు తనకు తానే చెప్పుకుంటూ రాసింది. ముందు ఆ హెడర్ చదవాలి. అది ఉంటే, అది సరైనదైతే, మనిషినిబట్టి లెక్కపెట్టాలి. ఆ గుర్తు లేనివాళ్ళకు మాత్రమే చిరునామానుబట్టి లెక్క, అదీ ఒక ఊరికి సరిపడేంత వదులుగా.

మేనేజరు ఒప్పుకోలేదు. "బ్రోకర్లు కూడా ఇలాగే దూరతారమ్మా."

"ఎవరి నంబరు మీద వాళ్ళకే రోజు దొరుకుతుందండి. ఒక మనిషి చాలాసార్లు నొక్కితే వాణ్ణి ఆపుతుంది. ఊరిని ఆపదు."

"మా ఓనరుకు ఏం చెప్పను?"

"ఒక ఊరి రైతులందరినీ దొంగలనుకోబోయి ఆగామని చెప్పండి."

"సరే కానివ్వండి" అన్నాడాయన.

మనవరాలు కోడ్ మార్చి ఎక్కించేలోగా నేను ఏం చేశానో చెప్పాలి. పురికొస ఉండ తీసుకుని, బాగానే ఉన్నదాన్ని విప్పి మళ్ళీ చుట్టాను. కిటికీలోంచి చూస్తే పెదకాకాని మీద ఎండ కాస్తూనే ఉంది. అక్కడ దక్షిణం దిక్కు నల్లగా దిగిందన్నాడు తమ్ముడు. మా అమ్మ మబ్బు చూస్తే వంట ఆపేసి, కల్లానికి పరుగెత్తేది. ఆమె వెనక నేను, నా వెనక వాడు. పట్టాలు లేవప్పుడు. తాటాకు చాపలు, చిరిగిన దుప్పట్లు, అమ్మ కట్టు చీర కూడా ఒకసారి. కాయ మీద చీర కప్పి, లోపావడాతో వానలో నిలబడి మొత్తుకుంది, "నా వంక చూడకండి, కాయ వంక చూడండి" అని. ఆ రోజు కాయ తడవలేదు. వాడికి అప్పుడు ఊహ తెలిసీ తెలియని వయసు. గుర్తుందో లేదో ఎన్నడూ అడగలేదు.

ఫోను మోగింది.

"వచ్చింది అక్కా! రేపటికే వచ్చింది! మా వియ్యంకుడికీ వచ్చింది. అందరం ఒకే లారీలో వేస్తున్నాం. పెట్టేస్తున్నా, చినుకు మొదలైంది." పెట్టేశాడు. మనవరాలితో ఒక్క మంచి మాట కూడా అనలేదు. మా పుట్టింటి వాళ్ళంతే. నేను లేచి దానికి కాస్త మజ్జిగ తెచ్చిచ్చాను. అది గ్లాసు వంక చూసి, "ఉప్పు వేశావా, లేక పొదుపు చేశావా?" అంది. వేశాను.

మర్నాడు మనవరాలి బండి వెనక కూర్చుని కోల్డ్ స్టోరేజీ దగ్గరికి వెళ్ళాను. పెట్రోలు దండగ, వద్దంటే వినలేదు. లారీ అప్పటికే గేటు దాటి లోపలికొచ్చింది. పట్టా మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. పట్టా కింద గోతాలు పొడిగా ఉన్నాయి. తమ్ముడు లారీ దిగుతూ నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావు, కాయ తూకం వెయ్యడానికా?" అన్నాడు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా లారీలో గోతాల మీదే పడుకుని వచ్చాడట. తర్వాత మనవరాలి తల మీద చెయ్యి పెట్టి, పట్టా తాడు విప్పడానికి పోయాడు.

ముఠా కూలీలు గోతాలు దించుతున్నారు. గోతం మీద కందెన గుర్తులేం లేవు. ఊరి అక్షరాలూ లేవు. ఒక్కోదానికి ఒక కాగితపు చీటీ అంటించి ఉంది. ఒకాయన చేతిలోని చిన్న యంత్రానికి ఆ చీటీని చూపిస్తే కూతపెడుతోంది. మూతులు చాలావరకు సాయిబుగారి మిషను మీద సన్నగా, వరసగా, బడిపిల్లల నోటుపుస్తకాల్లా కుట్టి ఉన్నాయి.

ఆ వరసల మధ్య కొన్ని గోతాలు వేరేగా వచ్చాయి. నేను దగ్గరికి వెళ్ళాను. ఏటవాలు కుట్లు. మూలన పురికొస మెలిక, చిన్న చెవి.

చీటీ చదవకుండానే, "ఇవి మావాడివి" అన్నాను.

ముఠా ఆయన యంత్రం పెట్టి చూశాడు. కూతపెట్టింది. "అవునండీ. మీకెలా తెలుసు?"

తమ్ముడు వెనక నుంచి అన్నాడు. "గోతానికింత అని అడిగాడక్కా, మిషను కుట్టుకి. సాయిబుగారు నా దగ్గర డబ్బులు వద్దన్నాడనుకో, నేనే ఇస్తానన్నా. మళ్ళీ ఎందుకులే, నా చేతులు అరిగిపోయాయా అనిపించింది."

"అమ్మ కుట్టు నీకెవరు నేర్పారురా?"

"నేర్పేదేంది? నువ్వు పెళ్ళై వెళ్ళిపోయావు. దబ్బనం ఇంట్లో ఉంది. గోతాలున్నాయి."

మనవరాలు వంగి ఆ చెవిని వేలితో తాకి చూసింది, చిన్నప్పుడు పాత గోతాలతో ఆడుకున్నట్టే. గోతాలు ఒకటొకటిగా చల్లటి గదిలోకి వెళ్ళాయి. తలుపు తెరిచినప్పుడల్లా చలిగాలి, దానితో పాటు మిరపఘాటు. తమ్ముడు తుమ్మాడు. నేనూ తుమ్మాను. చివరి గోతం లోపలికి వెళ్ళేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

అప్పుడు వాడి చొక్కా జేబులోంచి వేలాడుతున్న పురికొస చూశాను.

"మిగిలిందా? ఇటివ్వు. నీ జేబులో ఉంటే చాకలికి పోతుంది."

ఇచ్చాడు. బండి ఎక్కేముందు చేతికి చుట్టుకున్నాను.